గాజు పెట్టెలో కోత మిషన్

కొల్లాబత్తుల ఏసుపాదం ప్రభుత్వానికి చేసిన ద్రోహం ఏదైనా ఉందంటే అది ఒక్కటే. కోత మిషన్‌ని అది కొయ్యాల్సిన దానికన్నా జోరుగా కోసేటట్టు చేశాడు. పోనీ అది సర్కారు మిషనా అంటే, కాదు, తన సొంతదే. అయినా ఆ నేరానికి ఆరు నెలలు శిక్ష అనుభవించాడు. ఆ శిక్షకి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు సన్మానం.

ఏసుపాదానిది చవుడుపాలెం. సముద్రం ఒడ్డున చివరి ఊరు. అక్కణ్ణుంచి పెదవాడ ఆస్పత్రికి తొమ్మిది కిలోమీటర్లు, ఉన్నది ఒకే ఒక్క రోడ్డు, రోడ్డుకి రెండు పక్కలా సరుగుడు తోటలు. గాలి కాస్త ముదిరిందంటే చాలు, సరుగుళ్ళు వరసాగ్గా రోడ్డుకి అడ్డంగా పడుకుంటాయి. ఊళ్ళో మిగతావాళ్ళకి అది రెండు రోజుల చికాకు. ఏసుపాదానికి మాత్రం ప్రాణసంకటం. అతని భార్య సువార్తకి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం పెదవాడ వెళ్ళి నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఒక్క వాయిదా తప్పితే ఒళ్ళు నీరు పడుతుంది. రెండు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

అంతకు ముందేటి తుపానుకి రోడ్డు మీద ముప్ఫయ్యొక్క చెట్లు పడ్డాయి. కంపెనీనుంచి వచ్చినది వచ్చినట్టున్న మిషన్‌తో ఏసుపాదం ఒక్కడే తెల్లారినప్పట్నుంచీ కోస్తూనే ఉన్నాడు. చేవ దగ్గరకొచ్చేసరికి అది మూలగడం, చైను ఆగిపోవడం, మళ్ళీ తాడు లాగడం. ఆటో ఆస్పత్రి గేటులోకి వెళ్ళేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. ఈలోగా సువార్త పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరబడి కూర్చుని, మొగుడి మొహంలోకి ఒక చూపు చూసింది. ఆ చూపు ఏసుపాదాన్ని భయపెట్టింది. ఆ భయం తర్వాత కూడా వదల్లేదు.

అతను కలప అడితికి మెకానిక్కు. కోతవాళ్ళ మిషన్లన్నీ అతని రేకుల షెడ్డుకే వస్తాయి. అంచేత ఆ సంగతేదో తేల్చుకుందామని సొంత మిషన్ విప్పి బల్ల మీద పరిచాడు. ఇంజన్ బోరు గోడకి కిటికీల్లాంటి కంతలుంటాయి. ఒకదాంట్లోంచి పెట్రోలు కలిసిన గాలి వస్తుంది, ఇంకోదాంట్లోంచి పొగ పోతుంది. కంపెనీవాడు ఎందుకొచ్చిన గొడవలెమ్మని వాటిని చిన్నవిగానే చేసి వదిలేస్తాడు. ఏసుపాదం పిల్లల జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తీసి ఇంజను ఇరుసుకి బిగించి, పిస్టన్ ఎన్ని డిగ్రీల దగ్గర ఏ కంత తెరుస్తోందో కాగితం మీద రాసుకున్నాడు. తరవాత సన్న ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు రోజులు. కంత పెంచాలి, కానీ వెంట్రుకవాసి ఎక్కువైతే బోరు పారేసుకోవడమే. అంచులు గుండ్రంగా నున్నగా ఉండాలి, లేకపోతే పిస్టన్ రింగు తగులుకుని ముక్కలవుతుంది. సైలెన్సర్ కంత కూడా కొంచెమంటే కొంచెం పెంచాడు. మిషన్ బిగించి, నడిపి, ప్లగ్గు ఊడదీసి చూశాడు. కాలిన చోట పాలెక్కువ పోసిన టీ రంగుంది. ఇంకాస్త పెట్రోలు అందేటట్టు మర తిప్పి, మళ్ళీ నడిపి చూస్తే చిక్కటి టీ రంగొచ్చింది. అప్పుడు గానీ నవ్వలేదు.

మామ జకరయ్య పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన పాతకాలం కోతగాడు. రెండు పిడుల రంపంతో జీవితమంతా దూలాలు కోసినవాడు.

"పదకొండు రోజులు గోకేవు అల్లుడూ. ఈపాటికి నేనైతే ఓ తోట కోసేద్దును" అన్నాడు.

ఏసుపాదం అడుగు మందం దుంగ పెట్టి కోశాడు. ఇదివరకు ముప్ఫయ్యొక్క సెకన్లు పట్టే దుంగ పంతొమ్మిదింట్లో రెండైంది.

"మరేం, పర్లేదు" అన్నాడు జకరయ్య. ఆయన నోట్లోంచి అంతకన్నా పెద్ద పొగడ్త ఊళ్ళో ఎవరూ ఎరగరు.

మే నెల తుపానుకి మళ్ళీ చెట్లు పడ్డాయి. ఏసుపాదం పొద్దున్న ఆరింటికి మొదలెట్టి, తొమ్మిదిన్నరకల్లా రోడ్డు తెరిచి, పదింటికి సువార్తని ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాడు. కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ ఆఖరి చెట్టుకి అవతల ఒక జీపు ఆగి ఉంది.

జీపులో ఉన్నవారు పరాంకుశరావు గారు. విపత్తు స్పందన యంత్రసామగ్రి సామర్థ్య విభాగానికి ఉపసంచాలకులు. పక్కన హెడ్ గుమాస్తా భానుమూర్తి. వాన జల్లు కొడుతోందని అద్దాలెత్తి కూర్చోవడంతో, ఆవిరి పట్టి ఉపసంచాలకుల వారికి బయట ఏమీ కనిపించలేదు. ఒక గర్జన మాత్రం వినిపించింది. డ్రైవరు అద్దం తుడిచేసరికి ఎదురుగా చెట్టు లేదు.

"ఆ శబ్దం గమనించారా భానుమూర్తీ?"

"గమనించానండి."

"శబ్దం వచ్చింది, అవరోధం తొలగింది. రెండింటి నడుమ గల సంబంధం మీకు స్ఫురించిందా?"

భానుమూర్తికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. "స్ఫురించిందండి" అన్నాడు.

ఉపసంచాలకుల వారు జీపు దిగి, వానలో తడిసి ముద్దైన ఏసుపాదం భుజాల మీద అప్పటికప్పుడు శాలువా కప్పారు. జీపులో శాలువాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. కప్పి, మిషన్ పుచ్చుకున్నారు. జిల్లాలో విభాగానికి నలభై రెండు మిషన్లున్నాయనీ, వాటన్నిటినీ ఈ స్థాయికి పెంచేందుకు దీనిని ప్రామాణిక నమూనాగా స్వీకరిస్తున్నామనీ, పక్షం రోజుల్లో అధ్యయనం ముగించి తిరిగి అప్పగించబడుననీ సెలవిచ్చారు.

వెర్రిబాగులవాడు, ఏసుపాదం పొంగిపోయాడు. నలభై రెండు మిషన్లూ ఇలా కోస్తే ఏ ఊరి రోడ్డు మాత్రం మూసుకుంటుంది? ఏ ఆడకూతురు గోడకి చేరబడుతుంది? డిగ్రీలూ కొలతలూ రాసుకున్న కాగితం కూడా తీసిచ్చాడు. ఆ కాగితాన్ని అనుబంధం మూడుగా ఫైలులో చేర్చారు. అంతే, అటుపైన దాన్ని చూసినవాడు లేడు.

ఆటోలో తిరిగొస్తూ సువార్త అడిగింది. "మిసనేదయ్యా?"

"పదిగేను రోజుల్లో ఇచ్చేత్తారంట."

సువార్త శాలువా అంచు పట్టుకుని చూసింది. "ఇదేటి, చలికి ఆగేలా కూడా లేదు" అంది.

నమూనా మీద అధ్యయనానికి సంఘం కూర్చుంది. కూర్చోగానే మొదటి చిక్కు ఎదురైంది. కోత మిషన్ సామర్థ్యం చూడాలంటే ఏదో ఒకటి కొయ్యాలి. చెట్టు కొయ్యాలంటే వృక్ష సంరక్షణ వారి అనుమతి కావాలి. పోనీ పడిపోయిన చెట్టు కోద్దామంటే, అది పడిపోయిందని ధ్రువీకరించడానికి వారే రావాలి. పడిపోయిన చెట్లు రోడ్డుకి అడ్డంగా ఉండటం వల్ల వారు రాలేకపోయారు.

అప్పుడు పరాంకుశరావు గారు కళ్ళు మూసుకుని ఆలోచించి, "కోత అనునది ఫలితము. ఫలితములు మన పరిధిలోనివి కావు. మనము సామర్థ్యమును మాత్రమే పరిశీలింతము. సామర్థ్యము శబ్దరూపమున వ్యక్తమగుటను నేను స్వయముగా విని ఉంటిని" అన్నారు.

సంఘం బల్లలు చరిచింది. ఎక్కడినుంచో శబ్దం కొలిచే మీటరు అరువు తెచ్చారు. ఏసుపాదం మిషన్ నూటొక్క డెసిబెళ్ళు మోగింది. అదే ప్రమాణమని ఉత్తర్వు వెలువడింది. నమూనాకి గాజు పెట్టె చేయించి, సీలు వేసి, ఆఫీసు వసారాలో పెట్టారు. పెట్టెలోంచి నమూనా బయటికి తీయాలంటే ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి. ఆ మూడో అధికారి కుర్చీ ఏడాదిన్నరగా ఖాళీగా ఉంది.

పక్షం దాటాక ఏసుపాదం ఆఫీసుకి వెళ్ళాడు. సువార్త ఆస్పత్రిలో ఉండే నాలుగు గంటలూ అతనికి ఎలాగూ పనిలేదు. అప్పట్నుంచీ ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఆవిడ ఆ మంచం మీద, ఈయన ఈ బల్ల మీద. ఇద్దరికీ నాలుగేసి గంటలే. ఆవిడ రక్తం శుభ్రపడి వచ్చేది, ఈయనది మరిగి వచ్చేది.

ఒకరోజు ధైర్యం చేసి ఉపసంచాలకుల వారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యా, శబ్దంలో ఏం లేదండి. అసలు శబ్దం తక్కువుండేలాగే సూసేనండి నేను. పని లోపలున్న కంతల్లో ఉందండి. ఓపాలి దుంగెట్టి కోసి సూడండి బాబూ, తెలిసిపోద్ది."

"నీ సాంకేతిక పరిజ్ఞానము పట్ల విభాగమునకు గౌరవము కలదు. కానీ నీవు మిషన్ పక్షమున మాట్లాడుచున్నావు. మేము ప్రమాణము పక్షమున ఆలోచింపవలెను" అన్నారు వారు.

"మరి నా మిసను?"

"విషయము పరిశీలనలో ఉన్నది."

ఇటు నలభై రెండు మిషన్లనీ నూటొక్కకి చేర్చే పని జోరుగా సాగింది. బోర్లు విప్పడం, ఆకురాయి పట్టడం, ప్లగ్గు రంగు చూడడం, ఇదంతా ఎవడు పడతాడు? సైలెన్సర్ ఊడపీకి పారేస్తే నిమిషంలో నూట అయిదు వచ్చింది. లోపల బలం చచ్చింది గానీ, బలాన్ని కొలిచే మీటరు విభాగం దగ్గర లేదు. తరవాతి మూడు నెలలకి ప్రగతి కనపడాలి కాబట్టి ప్రమాణాన్ని నూట పన్నెండు చేశారు. చైను తిరుగుతుంటే ఇంజను గొంతు కాస్త అణుగుతోందని ఎవరో కనిపెట్టారు. చైన్లు తీసేశారు. చైను లేని ఇనప పలక ముందుకు పొడుచుకొచ్చి పరీక్ష రోజున ముఖ్య అతిథి గారి పంచె పట్టుకుంది. పలకలూ తీసేశారు. ఇప్పుడు మిషన్లు తేలిగ్గా, ముచ్చటగా, ఎవరికీ ఏ ప్రమాదమూ లేకుండా నూట పద్దెనిమిది మోగుతున్నాయి. ప్రమాణాన్ని కూడా అక్కడికే జరిపారు.

శబ్ద సామర్థ్య వారోత్సవాలు జరిగాయి. మీటరు పట్టుకున్న ఉద్యోగికి వారం తిరిగేసరికి కుడి చెవి పోయింది. అతనికి ఉత్తమ శ్రోతగా ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇస్తూ చదివిన మాటలు అతనికి వినపడలేదు.

వారోత్సవాల ఆఖరి రోజున లాంఛనంగా నమూనాని కూడా పెట్టెలోనే ఉంచి, పైమూత మాత్రం తెరిచి నడిపి కొలిచారు. నూటొక్క! ప్రామాణిక నమూనా ప్రమాణానికి పదిహేడు డెసిబెళ్ళు తక్కువగా ఉంది.

ఆ శుక్రవారం భానుమూర్తి ఏసుపాదాన్ని పక్కకి పిలిచి విషయం విడమరిచాడు. "చూడు ఏసుపాదం, ఇప్పుడు నీ మిషన్ నాసిరకం అని తేలింది. నాసిరకం మిషన్ ప్రజలకివ్వకూడదు. అంచేత నీకివ్వడానికి లేదు."

"నాసిరకవైతే మీకెందుకండి? పారేయండి, నేనేరుకుంటాను."

"పారెయ్యడానికి లేదుగా. అది ప్రామాణిక నమూనా."

ఏసుపాదం గాజు పెట్టె దగ్గరకి వెళ్ళి చూశాడు. మిషన్ పిడి మీద తన చేతి మసి అలాగే ఉంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. నవంబరు వచ్చేసింది, సముద్రం రంగు మారుతోంది. కొత్తది కొని మళ్ళీ పదకొండు రోజులు గోకడానికి ఈ ఆస్పత్రి తిరుగుళ్ళలో వీలెక్కడుంది?

ఆటోలో సువార్త అతని ఒట్టి చేతులకేసి చూసింది.

"ఇవ్వరేమో సువార్తా" అన్నాడు తనే.

"నువ్వు ఊరికే ఇదైపోకు. నేను ఇప్పుడప్పుడే పోనులే" అంది ఆవిడ. అని, మొహం అటు తిప్పుకుంది.

తుపాను గురువారం మధ్యాహ్నం తీరం దాటింది. శుక్రవారం తెల్లవారేసరికి రోడ్డు మీద ఇరవై ఏడు చెట్లు. సువార్త కాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. కోతవాళ్ళు మిషన్లతో సహా పై ఊళ్ళ పనులకి పోయి ఉన్నారు. ఏసుపాదం వీధిలో నిలబడి రెండు చేతులూ చూసుకున్నాడు.

లోపల్నుంచి జకరయ్య వచ్చాడు. భుజం మీద రెండు పిడుల రంపం. రాత్రంతా పళ్ళకి ఆకురాయి పెట్టినట్టున్నాడు, తళతళలాడుతోంది.

"ఓ పిడి నేనట్టుకుంటాను. రెండోదట్టుకో. కూతురు నాది కూడానూ" అన్నాడు.

ఊళ్ళో గొడ్డలి ఉన్నవాడల్లా గొడ్డలి పట్టుకొచ్చాడు. లేనివాడు మోకు తెచ్చాడు. నాలుగు జట్లుగా విడిపోయి ఒకేసారి నాలుగు చెట్ల మీద పడ్డారు. సువార్తని ఆటోలో దిళ్ళ మధ్య కూర్చోబెట్టి వెనకాలే నడిపించారు. చెట్టు తెగడం, మొద్దు దొర్లించడం, ఆటో నాలుగు గజాలు ముందుకి రావడం. ఇరవయ్యారో చెట్టు దగ్గర జకరయ్య ఒగర్చుకుంటూ కూలబడితే, పిడి ఇంకొకరందుకున్నారు. అప్పటికి పదకొండైంది. మిగిలింది ఒక్కటే, పెద్ద సరుగుడు. దాని అవతలనుంచి లోకం దద్దరిల్లే మోత వస్తోంది.

విభాగం వచ్చేసింది. ఎనిమిది మిషన్లు వరసగా నిలబెట్టి నడుపుతున్నారు. పలకల్లేవు, చైన్లు లేవు. ఎనమండుగురూ చెవుల్లో దూది పెట్టుకుని మిషన్లని చెట్టుకేసి చూపిస్తున్నారు. భానుమూర్తి మీటరు చూసి గట్టిగా కేకేశాడు. "నూట ఇరవయ్యొకటండీ!"

"అద్భుతము!" అన్నారు పరాంకుశరావు గారు. చెట్టు కదల్లేదు. వారు చెట్టుకేసి నిష్ఠూరంగా చూశారు. "ఇంకొంత సేపు కొనసాగించుడు" అన్నారు.

ఇటువైపు జకరయ్య లేచొచ్చి మళ్ళీ పిడి పట్టుకున్నాడు. మామా అల్లుళ్ళు ఒకరి ఊపిరికి ఒకరు ఊపిరి కలిపి లాగారు. చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. పావుగంటకి చెట్టు రెండై, మధ్యముక్క దొర్లి కాలవలో పడింది. మిషన్లు ఆపేశారు. నిశ్శబ్దంలో ఎక్కడో ఒక కాకి అరిచింది.

"ఆ రంపపు శబ్దమెంత?" అడిగారు ఉపసంచాలకుల వారు.

"మీటరు పట్టలేదండి. మన మిషన్ల మోతలో కలిసిపోయింది" అన్నాడు భానుమూర్తి.

వారు దీర్ఘంగా ఆలోచించారు. "అట్లయిన ఈ కోత నమోదు కాదు. నమోదు కాని కోత జరిగినట్లు విభాగము గుర్తింపజాలదు. కావున రికార్డు ప్రకారము వృక్షము ఇంకను రోడ్డునకు అడ్డముగా ఉన్నది. రోడ్డు మూసివేయబడి ఉన్నది. వాహనములు అనుమతింపబడవు."

ఆటోకి అడ్డంగా తాడు కట్టారు. ఏసుపాదానికి ఒళ్ళు మండిపోయింది. గొడ్డలి పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంకో నిమిషమైతే వారోత్సవాల్లో కూడా వినని శబ్దాలు వినవలసి వచ్చేదే. ఈలోగా ఆటోలోంచి సువార్త తల బయటికి పెట్టింది. మాట్లాడడానికి ఆయాసపడుతోంది.

"బాబుగారండీ, సెట్టు అడ్డంగా ఉందని రాసుకున్నారా?"

"రాసుకొంటిమి."

"సెట్టు అడ్డవుంటే ఆటో ఎల్లదు కదండీ?"

"వెళ్ళజాలదు."

"మరైతే మేం ఎల్లినట్టు రాయకండి. మీ కాయితంలో ఎల్లనట్టేగా. ఎల్లని ఆటోని ఆపడం ఎందుకండీ?"

పరాంకుశరావు గారు భానుమూర్తి వైపు చూశారు. భానుమూర్తి కాగితం వైపు చూశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"యుక్తియుక్తముగా ఉన్నది" అన్నారు వారు. తాడు విప్పారు. ఆటో వెళ్ళలేదు. పన్నెండుకి పది నిమిషాలుండగా పెదవాడ ఆస్పత్రిలోకి వెళ్ళకుండానే వెళ్ళింది.

నర్సు సూది గుచ్చి మిషన్ కలిపాక, సువార్త ఊపిరి నెమ్మదించే వరకూ ఏసుపాదం కదల్లేదు. తరవాత అలవాటు కొద్దీ కాళ్ళు ఆఫీసు వైపు లాక్కెళ్ళాయి. అధికారులెవరూ లేరు, అంతా రోడ్ల మీద మోగిస్తున్నారు. భానుమూర్తి ఒక్కడే తిరిగొచ్చి వసారాలో గాజు పెట్టె ముందు నిలబడి ఉన్నాడు.

"ఏసుపాదం, నిన్న మా గుమ్మానికి అడ్డంగా నిద్రగన్నేరు పడిందయ్యా. నేనూ మా ఆవిడా కిటికీలోంచి రాకపోకలు సాగిస్తున్నాం. సాయంత్రం ప్రాధాన్యత కింద మన మిషన్లన్నీ మా ఇంటికే వచ్చి గంటసేపు మోగాయి. చెట్టు చెట్టులాగే ఉంది. మా అత్తగారు మాత్రం పక్కూరికి వెళ్ళిపోతానంటోంది, కిటికీలోంచి దూరలేకపోతోంది." గొంతు తగ్గించాడు. "ఇది నిజంగానే కోస్తుందా?"

"పంతొమ్మిది సెకన్లండి. అడుగు దుంగ" అన్నాడు ఏసుపాదం.

భానుమూర్తి నిబంధనల పుస్తకం తెచ్చి వేలు పెట్టి చదివాడు. "నమూనా బయటికి తీయడానికి మూడు సంతకాలు. అవును. కానీ దాని చోట ఇంకొకటి పెట్టడానికి ఎన్ని సంతకాలో రాయలేదు. రాయలేదంటే అక్కర్లేదనేగా. పెట్టెలో ఒక మిషన్ ఉండాలి. ఉంటుంది."

స్టోరులోంచి ఒక సర్కారు మిషన్ తెచ్చారు. సీలు వేసే ముద్ర భానుమూర్తి సొరుగులోనే ఉంది. గంటలోపల నిద్రగన్నేరు ముక్కలైంది, అత్తగారు గుమ్మంలోంచి బయటికి వచ్చారు. ఆస్పత్రి దగ్గర గోనెసంచిలో చుట్టిన బరువు చూసి సువార్త దాని మీద చెయ్యి వేసింది. ఇల్లు చేరే దాకా తియ్యలేదు.

మార్చిలో వార్షిక తనిఖీ జరిగింది. గాజు పెట్టె తెరిచి నమూనాని నడిపారు. నూట ఇరవయ్యొకటి! పరాంకుశరావు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి. నిరంతర పర్యవేక్షణ ఫలితంగా ప్రామాణిక నమూనా తన లోపాలను తానే సవరించుకుని ప్రమాణాన్ని అధిగమించిందని నివేదిక రాశారు. మూల రూపకర్తను మరువరాదని కూడా తోచింది కాబోలు, చవుడుపాలేనికి బంట్రోతుని పంపించారు.

బంట్రోతు గుమ్మంలో నిలబడి, "ఏసుపాదం గారికి మళ్ళీ సన్మానం చేస్తారంటండీ" అన్నాడు.

ఏసుపాదం నోరు తెరిచే లోపలే, సువార్త లేచి మిషన్‌ని కాలితో మంచం కిందకి తోసేసింది. కొక్కేనికున్న పాత శాలువా తీసి దాని మీద కప్పింది.